గోడ కాదు బాస్, ఆ ఊరిని చంపింది పార్కే! ఎడారిలో ఓఓధమ్ ఊరి అసలు కథ

నమస్తే అందరికీ. మొన్న అమెరికా, మెక్సికో బోర్డర్ గోడ వీడియో పెట్టాక కింద కామెంట్లు చూశారా, కురుక్షేత్రం జరిగిందక్కడ. సగం మంది ఏమో ట్రంప్ గోడ కట్టి అరిజోనా ఎడారిలో ఓఓధమ్ అనే ఆదివాసీల పవిత్రమైన ఊటని సర్వనాశనం చేశాడు అంటారు, మిగతా సగం ఏమో అసలక్కడ ఊరే లేదు, మనిషే లేడు, ఉత్త ఎడారి, దానికి ఇంత ఏడుపేంటి అంటారు. ఇవాళ ఇద్దరికీ కలిపి ఇస్తా. అక్కడ ఊరు లేదు, కరెక్టే. ఎందుకు లేదు? అదొక్కటి మాత్రం ఎవరూ అడగరేంటండీ? 2020లో గోడ వచ్చేనాటికే ఆ ఊరు పోయి అరవై ఏళ్ళు దాటింది. దాన్ని తీసేసింది గోడ కాదు, కాంట్రాక్టర్ కాదు, ట్రంప్ అసలే కాదు. ప్రకృతిని కాపాడతాం అని బోర్డు పెట్టుకున్న నేషనల్ పార్క్ సర్వీస్. రాసిపెట్టుకోండి, గోడ కాదు, పార్కే ఆ ఊరిని చంపింది.

తెలియనివాళ్ళ కోసం ఒక్క నిమిషం, ఎక్కువ సాగదీయను. అరిజోనా, మెక్సికో బోర్డర్ మీద లూక్‌విల్ అని చిన్న చెక్‌పోస్టు ఊరు, అక్కడి నుంచి పడమటికి మట్టిరోడ్డు మీద ఒళ్ళు హూనం చేసుకుంటూ వెళ్తే కిటోబాకీటో వస్తుంది, ఓఓధమ్ వాళ్ళు ఆఅల్ వైపియా అంటారు. ఊట, పిల్ల కాలువ, చిన్న చెరువు. అంతే. బోర్డర్ లైన్‌కి రెండొందల గజాలు కూడా ఉండదు. ఆ పక్కనే మెక్సికో హైవే 2. చెరువు గట్టు మీద నిలబడితే ఒక చెవిలో తుంగలో పిట్టల గోల, ఇంకో చెవిలో లారీల మోత. నీళ్ళలోకి వంగి చూస్తే మన చిటికెన వేలు కన్నా చిన్న చేపలు, పప్‌ఫిష్ అంటారు, ఎండాకాలం మగచేపలు నీలంగా మెరిసిపోతుంటాయి, సముద్రం కన్నా ఉప్పగా ఉన్న నీళ్ళలో కూడా బతికేస్తాయి, వేడికి ఉడికిపోవు. బురదలో సొనోయ్‌తా తాబేలు, అది అమెరికా మొత్తంలో ఈ ఒక్క చెరువు దగ్గరే ఉంది. చుట్టూ ఎటు చూసినా సవారో కాక్టస్‌లు, రాళ్ళు, ఎండ. అలాంటి చోట ఆగకుండా పారే నీళ్ళు అంటే ఏంటో మీరే ఊహించుకోండి.

ఈ నీళ్ళ దగ్గర మనుషులు వేల ఏళ్ళ నుంచి ఉన్నారు. ఓఓధమ్ వాళ్ళు దక్షిణాన సముద్రం దాకా ఉప్పు కోసం నడిచి వెళ్ళేవాళ్ళు, అది వాళ్ళకి యాత్ర, ఉత్త బేరం కాదు, ఆ దారిలో ఈ ఊట ఒక మజిలీ. తర్వాత ఏం జరిగింది? 1853లో అమెరికా, మెక్సికో కూర్చుని గాడ్స్‌డెన్ ఒప్పందం చేసుకున్నారు, మ్యాప్ మీద స్కేలు పెట్టి గీత గీశారు, ఒకే జాతి వాళ్ళు అన్న ఇటు తమ్ముడు అటు అయిపోయారు. ఇప్పటికీ తొహోనో ఓఓధమ్ నేషన్ (ఓఓధమ్‌లో ఒక శాఖ, అమెరికా ప్రభుత్వం గుర్తించిన తెగ) వాళ్ళకి 62 మైళ్ళ బోర్డర్ ఉంది, రెండు వేల మంది దాకా మెంబర్లు మెక్సికో వైపు ఉంటారు. వీళ్ళని ఎవరూ అడగలేదు. సరే ఇది మీకు తెలుసు, ముందుకెళ్దాం.

1937. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ సంతకం పెట్టాడు, ఆర్గన్ పైప్ కాక్టస్ నేషనల్ మాన్యుమెంట్ వచ్చింది, నేను పార్క్ అంటున్నది దీన్నే. కిటోబాకీటో అందులో పడిపోయింది, ఊరు ఊరుగా ఉండగానే. ఉత్త ఎడారి అన్నవాళ్ళు వినండి, అక్కడ ఒరోస్కో అని హియా చెడ్ ఓఓధమ్ (ఓఓధమ్‌లోనే ఇంకో శాఖ) కుటుంబం ఉంది. ముసలాయన హోసే హువాన్ ఒరోస్కో, వాళ్ళల్లో పేరున్న వైద్యుడు. ఇళ్ళున్నాయి, ఊట నుంచి కాలువ తీసి పొలాలు పారించుకున్నారు, అంజూర చెట్లు, దానిమ్మ చెట్లు, పక్కనే శ్మశానం. ఇంకా ఊరంటే ఏంటండీ? ఆధార్ సెంటర్ ఉండాలా?

ఇక్కడ మజా చూడండి. 1937 ప్రకటనలోనే రాశారు, ఈ పార్కులో కాక్టస్ పళ్ళు కోసుకునే హక్కు ఇండియన్లకి, అంటే అక్కడి ఆదివాసీలకి, ఉంటుంది అని. పళ్ళు కోసుకోండి, బుట్ట నింపుకోండి, బయటికి దయచేయండి. ఎందుకంటే అప్పట్లో పార్క్ అంటే వాళ్ళ బుర్రలో ఒకటే బొమ్మ, మనిషి లేని అడవి. మనిషుంటే అది పాడైనట్టు లెక్క. సో 1957లో ఏం చేశారు, ఒరోస్కో కొడుకు జిమ్ దగ్గర హక్కులు కొనేశారు. ఎంతకి? 13,000 డాలర్లు. వేల ఏళ్ళ ఊట, ఎడారిలో ఆగని నీళ్ళు, తాతల సమాధులు, తోట, పొలం, అన్నీ కలిపి పదమూడు వేలు. కొన్నాక ఏమైనా మ్యూజియం కట్టారా, పోనీ ఇళ్ళన్నా అలాగే ఉంచారా? లేదు. మట్టి ఇళ్ళు పడగొట్టేశారు. కాలువల్లో నీళ్ళు ఆగిపోయాయి, పొలాలు బీడు పడ్డాయి. చెరువుని తవ్వి లోతు చేశారు. శ్మశానం మాత్రం మిగిలింది.

ఇప్పుడు నా అసలు పాయింట్. దీని కోసమే ఈ వీడియో, స్కిప్ చెయ్యకండి దయచేసి.

కిటోబాకీటోకి ఆగ్నేయంగా, యాభై కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూగా, మెక్సికోలోని సొనోరా రాష్ట్రంలో కీటోవాక్ అని ఇంకో ఓఓధమ్ ఊరుంది. అదే ఎడారి, అదే ఎండ, అలాంటి ఊటలే, అలాంటి చెరువే. తేడా ఒక్కటే, అక్కడ పార్క్ రాలేదు, ఎవడూ వచ్చి బోర్డు పాతలేదు, జనం ఊళ్ళోనే ఉన్నారు, సాగు చేసుకుంటూనే ఉన్నారు. గ్యారీ నభాన్ అని మొక్కల శాస్త్రవేత్త, ఎడారి పంటల మీద జీవితం పెట్టిన మనిషి, ఆయనా ఆయన టీమూ రెండు చోట్లకీ వెళ్ళి పిట్టల్ని లెక్కపెట్టారు, 1982లో పేపర్ కూడా వచ్చింది. పార్క్ కాపాడుతున్న కిటోబాకీటోలో ఎన్ని రకాల పిట్టలు? 32. జనం దున్నుకుంటూ, ఆవుల్ని తోలుకుంటూ, పిల్లలు అరుచుకుంటూ తిరిగే కీటోవాక్‌లో? 65 పైనే.

మళ్ళీ చెప్తా. పిట్టల కోసం మనుషుల్ని పంపేసిన చోట 32. మనుషులున్న చోట 65. డబుల్ అండీ బాబూ, డబుల్!

అదెలాగ అంటే మంత్రం ఏం లేదు, పల్లెటూళ్ళో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు కూడా. మట్టి కాలువ అంటే కారుతుంది, కారిన చోట తడి, తడి ఉన్న చోట గడ్డి, గడ్డిలో పురుగు, పురుగు కోసం పిట్ట. పొలం దున్నితే ఒక రకం పిట్టలు దిగుతాయి, పంట పండితే గింజల కోసం ఇంకో రకం, కోత అయ్యాక పడిన గింజలకి మరో రకం. గట్ల మీద విల్లో చెట్లు, కాటన్‌వుడ్ చెట్లు పెరిగితే గూళ్ళు. అంజూర పండితే అక్కడ జాతరే. తుంగ మరీ కమ్మేస్తే తగలబెట్టేవాళ్ళు, అప్పుడు చెరువులో నీళ్ళు కనపడతాయి, నీటి పక్షి దిగడానికి చోటు దొరుకుతుంది. ఎండిన కొమ్మని కూడా నీట్‌గా ఉండాలని ఎవరూ నరకరు, అందులో వడ్రంగిపిట్ట తొర్ర చేసుకుంటుంది. ఇన్ని రకాల చోట్లు ఒక్క ఊళ్ళో, అన్నీ మనిషి చెయ్యి పడితేనే. ఇటు కిటోబాకీటోలో ఆ చెయ్యి తీసేశారు. తోటకి నీళ్ళు లేవు, చెట్లు ఒక్కొక్కటీ ఎండాయి, చెరువు చుట్టూ తుంగ కమ్మేసింది. కాపాడాం అన్నారు. ఏం కాపాడారు? అక్కడి దానిమ్మ, అంజూర మొక్కల అంట్లు ఇవాళ చూడాలంటే టూసాన్‌లో మిషన్ గార్డెన్ అనే తోటకి పోవాలి. సొంతూళ్ళో బతకలేని చెట్టు సిటీలో బతుకుతోంది.

ఇక్కడ ఒకాయన వస్తాడు, నాకు తెలుసు, కచ్చితంగా వస్తాడు, 'బ్రో, కొద్ది రోజుల లెక్కతో ఏం తేలుద్ది, పైగా పార్క్ లేకపోతే ఆ పప్‌ఫిష్ ఎప్పుడో పోయేది' అంటాడు. లెక్క చిన్నదే, సరే, నువ్వు పెద్ద లెక్క పట్టుకురా నేను చూస్తా. చేప సంగతికొద్దాం. ఒరోస్కోలు ఆ నీళ్ళు తోడుకున్నన్నాళ్ళూ, పొలం పారించుకున్నన్నాళ్ళూ చేప చచ్చిందా? లేదే. వాళ్ళ కాలువల్లోనూ బతికింది. ఊరు ఖాళీ అయ్యాకే, 1960ల చివర్లో, ఎవడో మహానుభావుడు ఎర చేపల్ని, గోల్డెన్ షైనర్ అంటారు, తెచ్చి ఆ చెరువులో వదిలేశాడు, వాటిని వదిలించుకోడానికి చెరువు మొత్తం ఖాళీ చెయ్యాల్సొచ్చింది. ఇంటి మనిషి గట్టు మీద కూర్చుని ఉంటే ఎవడైనా బకెట్టు పట్టుకొచ్చి చేపలు వదిలేవాడా? ఇది నా థియరీయే, ఒప్పుకుంటే ఒప్పుకోండి లేకపోతే లేదు, కానీ నాకైతే అందులో ఏ డౌటూ లేదు, ఊరే ఆ ఊటకి కాపలా, కాపలావాణ్ణి తీసేసి తాళం బాగుంది అంటే ఎలా?

ఇంకో కామెడీ. 1976లో యునెస్కో ఈ పార్కుని బయోస్ఫియర్ రిజర్వ్ అంది. అసలు ఆ స్కీమ్ ఉద్దేశమే మనుషులూ ప్రకృతీ కలిసి బతకడం. మనుషుల్ని ముందే ఖాళీ చేయించిన చోటికి ఆ సర్టిఫికెట్టు. ఎవరు ఇచ్చారో, ఎవరు తీసుకున్నారో, నవ్వాలో ఏడవాలో.

సరే ఇప్పుడు గోడకొద్దాం, లేకపోతే గోడని వెనకేసుకొచ్చాడు అని నన్ను తిడతారు. వెనకేసుకురావట్లేదు. 2020లో జరిగింది దారుణం, అందులో రెండో మాట లేదు. 30 అడుగుల స్టీలు స్తంభాలు, కాంక్రీటు కోసం ఎడారిలో బోర్లు, ఊటకి అయిదు మైళ్ళ లోపు బోరు వెయ్యం అని మాట అయితే ఇచ్చారు, కానీ ఆ వేసవికి చెరువు తగ్గి అంచుల్లో బురద తేలింది, ఫోటోలు మీరూ చూశారు. ప్రవాహం అంతకుముందు కొన్ని దశాబ్దాల నుంచీ తగ్గుతూనే ఉంది, కరువూ ఉంది, మెక్సికోలో సొనోయ్‌తా ఊరి వైపు పొలాలకి తోడే నీళ్ళూ ఉన్నాయి, అది వేరే వీడియో. ఫిబ్రవరిలో మాన్యుమెంట్ హిల్ అనే గుట్టని డైనమైట్ పెట్టి పేల్చారు, ఓఓధమ్ వాళ్ళు పవిత్రంగా చూసే, సమాధులున్న గుట్ట అది. అరిజోనాలో సవారో చెట్టుని అక్రమంగా నరికితే క్రిమినల్ కేసు, అలాంటి సవారోలు అక్కడ బుల్డోజర్ల కింద పడి ఉన్నాయి. ఎలా కుదిరింది? 2005 రియల్ ఐడీ చట్టంలో ఒక క్లాజ్ ఉంది, బోర్డర్ గోడ కోసం అయితే హోంల్యాండ్ సెక్యూరిటీ సెక్రటరీ ఏ చట్టాన్నైనా పక్కన పెట్టేయొచ్చు, పర్యావరణం, సమాధులు, తాగునీళ్ళు, ఏదైనా. ఒక్క సంతకంతో డజన్ల కొద్దీ చట్టాలు పోయాయి. స్థలం కూడా కొనక్కర్లేదు, బోర్డర్ వెంట 60 అడుగుల పట్టీ 1907 నుంచి ఫెడరల్ ప్రభుత్వానిదే.

2020 సెప్టెంబర్ 9న యాంబర్ ఒర్తేగా అనే హియా చెడ్ ఓఓధమ్ ఆవిడ కిటోబాకీటో దగ్గర మెషిన్లకి అడ్డం వెళ్ళింది. అరెస్ట్. కేసు ఏంటో తెలుసా? మూసేసిన ఏరియాలోకి వచ్చింది అని! ఎవరి ఏరియా అండీ? వాళ్ళ పూర్వీకుల ఊరు అది. జడ్జి మొదట ఆవిడ మత స్వేచ్ఛ వాదన ఒప్పుకోలేదు, తర్వాత 2022 జనవరిలో అదే జడ్జి మనసు మార్చుకుని, ఆమె చేసింది మత విశ్వాసం ప్రకారమే, దానికి శిక్షించడం కుదరదు అని నిర్దోషిగా వదిలేసింది. మంచిదే, నేనూ చప్పట్లు కొట్టాను. కానీ ఒక్కసారి ఆలోచించండి, 1957లో తీసేయకుండా ఆ ఊరు అక్కడే ఉండి ఉంటే, ఇళ్ళుండి, పొలాలుండి, పిల్లలు చెరువు దగ్గర ఆడుకుంటూ ఉంటే, ఆ బుల్డోజర్ అంత ఈజీగా వచ్చేదా? ఖాళీ స్థలం కాబట్టే వచ్చింది. ఖాళీ చేసి పెట్టింది ఎవరు? దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, 2020లో అమెరికా పర్యావరణ సంఘాలన్నీ గొంతు చించుకున్నాయి. ఆ ఇళ్ళు కూల్చినప్పుడు ఈ గొంతు ఎక్కడుంది?

కొంచెం పక్కకెళ్తా, కోప్పడకండి, ఇది మనోళ్ళకి కావాలి. చాండ్లర్‌లో, ఫీనిక్స్‌లో మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో నేను చెప్పక్కర్లేదు, ఇండియన్ స్టోర్‌లో లైన్‌లో నిలబడితే అమీర్‌పేటలో ఉన్నట్టుంటుంది. వీకెండ్ టూసాన్ వెళ్ళేటప్పుడు ఐ-10 ఎక్కగానే గీలా రివర్ ఇండియన్ కమ్యూనిటీ అని బోర్డు వస్తుంది, చూశారా? అది కూడా ఓఓధమ్ వాళ్ళదే, అకిమెల్ ఓఓధమ్, నది ఒడ్డు వాళ్ళు. మన సొసైటీ గోడ అవతల వాళ్ళ పొలాలు. వీళ్ళు గీలా నది నీళ్ళతో బ్రహ్మాండంగా పంటలు పండించి దారిన పోయే సైన్యాలకి కూడా గోధుమలు అమ్మినవాళ్ళు. 1800ల చివరికొచ్చేసరికి పైన సెటిలర్లు నదిని మళ్ళించేశారు, కింద పొలాలెండాయి, ఆకలి చావులు. తర్వాత గవర్నమెంటు రేషన్ ఇచ్చింది, మైదా, పంది కొవ్వు, పంచదార. ఎడారి వేడికి తట్టుకునే టెపరీ చిక్కుడు గింజలు తిన్న ఒళ్ళు ఒక్కసారి మైదాలో పడింది. ఫలితం, ప్రపంచంలోనే అత్యధిక షుగర్ జబ్బు లెక్కలు వాళ్ళల్లో వచ్చాయి, 1965 నుంచి అమెరికా ప్రభుత్వ పరిశోధకులు దశాబ్దాల పాటు వాళ్ళ మీద స్టడీ చేశారు. టైప్ 2 షుగర్ గురించి మన డాక్టర్ మనకి చెప్పేవాటిలో బోలెడు వాళ్ళ రక్తం నుంచి తెలిసినవే. నీళ్ళు తిరిగి ఇస్తాం అని చట్టం ఎప్పుడొచ్చింది? 2004లో. నూరేళ్ళు దాటాక. నేను చెప్పేది అదేగా, నీళ్ళనీ మనుషుల్నీ విడదీసిన ప్రతి చోటా ఇదే జరిగింది, ఇక్కడ నదిని తీసుకెళ్ళిపోయారు, అక్కడ మనుషుల్ని తీసుకెళ్ళిపోయారు.

ఉత్త ఎడారి అన్నవాళ్ళకి ఇంకొకటి. 2019 జూన్‌లో లూక్‌విల్‌కి 17 మైళ్ళ పడమట, అంటే ఈ ఊట చుట్టుపక్కలే, మన ఇండియా నుంచి వచ్చిన ఆరేళ్ళ పాప ఎండకి చనిపోయింది. స్మగ్లర్లు దింపి నడవమన్నారు. వాళ్ళమ్మ నీళ్ళు వెతకడానికి వెళ్ళింది. ఊట అంత దగ్గర్లో ఉండి, అక్కడ దీపం పెట్టే ఇల్లు ఒక్కటి లేదు. నేను ఎమోషనల్ అవుతున్నా అంటారు, అనండి.

ఇంతకీ ఆ ఊరివాళ్ళు ఏమయ్యారు? హియా చెడ్ ఓఓధమ్‌ని అమెరికా ప్రభుత్వం విడిగా తెగగా గుర్తించలేదు, ఇప్పటికీ. అక్కడెవరూ లేరు అని కాగితం మీద రాసేశారు కాబట్టి. తొహోనో ఓఓధమ్ నేషన్‌లో 2012లో వాళ్ళకంటూ ఒక జిల్లా పెట్టారు, 2015లో అదీ రద్దయింది. ఆహో టౌన్‌లో కొందరు, రిజర్వేషన్‌లో కొందరు, ఫీనిక్స్‌లో కొందరు. పార్క్ వాళ్ళు ఈ మధ్య కాస్త మారారు, అదీ చెప్తా, 2022లో చెరువు అడుగున కొత్త లైనింగ్ వేసినప్పుడు ఓఓధమ్ వాళ్ళని కలుపుకునే చేశారు. బాగుంది. కానీ పిలవడం వేరు, ఉండనివ్వడం వేరు. లైనింగ్‌కి పిలిచారు, పొలం వేసుకోడానికి పిలవండి చూద్దాం. నా డిమాండ్ ఇదే, ఆ పార్కులో రెండెకరాలు ఇవ్వండి, కాలువ తియ్యనివ్వండి, ఆ టూసాన్ దానిమ్మ అంట్లు తెచ్చి మళ్ళీ నాటనివ్వండి, పదేళ్ళ తర్వాత ఎవడినైనా పంపి పిట్టల్ని లెక్కపెట్టించండి. 65 రాకపోతే ఈ ఛానెల్ మూసేస్తా, ఈ క్లిప్ కట్ చేసి దాచుకోండి.

వెళ్ళి చూడాలనుకునే అరిజోనా బ్యాచ్‌కి రెండు మాటలు. సెడాన్ వేసుకుని వెళ్ళకండి, ఆ మట్టిరోడ్డు మీ కారుని తినేస్తుంది, రోడ్డు ఓపెన్ ఉందో లేదో పార్క్ ఆఫీసులో కనుక్కోండి, మే నుంచి సెప్టెంబర్ అసలు వద్దు. నీళ్ళు మనిషికి గ్యాలన్ తక్కువ కాకుండా. చెరువులో కాళ్ళు పెట్టొద్దు, అక్వేరియం చేపలు గట్రా వదిలారో నేనే కంప్లైంట్ ఇస్తా. సమాధుల దగ్గర రీల్స్ చెయ్యకండి, మీ తాతల సమాధి మీద ఎవడైనా డాన్స్ చేస్తే మీరు ఊరుకోరుగా. కీటోవాక్ వెళ్తానన్నవాళ్ళూ ఉన్నారు, అది వాళ్ళు ఉంటున్న ఊరు, వేసవిలో అక్కడ పెద్ద పూజ జరుగుతుంది, అది టూరిస్టుల కోసం కాదు, అప్పుడు వెళ్ళి కెమెరా తీశారంటే మన పరువే పోతుంది.

పార్క్ వాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకునేవాళ్ళు కింద కామెంట్లో రండి, ఒక్కొక్కరికీ నేనే రిప్లై ఇస్తా, కానీ 13,000 డాలర్ల సంగతి మాట్లాడకుండా చేప గురించి మాత్రం మాట్లాడితే బ్లాక్ చేస్తా. సబ్‌స్క్రైబ్ కొట్టనివాళ్ళు కొట్టండి, టెపరీ గింజలతో పప్పు వండే వీడియో అడుగుతున్నారుగా, రాత్రంతా నానబెట్టినా ఉడకట్లేదండీ బాబూ, కుక్కర్లో ఎన్ని విజిల్స్ రానివ్వాలో తెలిసినవాళ్ళు చెప్పండి, ఆదివారం అదే పెడతా.